రెండు దెబ్బలు, ఆగి ఒకటి

కోటు గుండీ అంత ఇత్తడి బిళ్ల, దానికో సన్నటి వైరు. మైకులమ్మాయి కుట్టుమిషన్ కిందికి దూరి, ఆ బిళ్లను ఇనపబల్ల అడుగున టేపుతో అంటించి, జుట్టుకు పట్టిన దారప్పోగులు దులుపుకుంటూ పైకి తేలింది.

“ఇదేం మైకమ్మా? ఎటు చూసినా రంధ్రమే లేదు,” అంది పొడుగక్క, కాలరు అంచు మీంచి చూపు తిప్పకుండా.

“ఇది గాల్లో చప్పుడు వినదక్కా. ఇనుములో పారే చప్పుడే వింటుంది. మీరు నన్ను మర్చిపోయి మీ పని చేసుకోండి.”

“మర్చిపోదామంటే నా కాళ్ల దగ్గరే మకాం పెట్టావాయె!”

పక్క మిషన్ మీదున్న గుండీలక్క పకాలున నవ్వింది. ఆవిడకు నవ్వడానికి కారణం అక్కర్లేదు, సందు దొరికితే చాలు. “జాగ్రత్తమ్మాయ్. పెడలనుకుని నీ నెత్తిన కాలు పెట్టగలదు మా పొడుగక్క.”

మైకులమ్మాయి సంగీతం కట్టే మనిషి. అయితే ఆమెకు వాద్యం లేదు, గొంతూ లేదు. మిషన్ల రొద, లిఫ్టుల కిర్రు, నీటి పంపుల గురక పోగుచేసుకొచ్చి కంప్యూటర్లో పోసి కలిపితే అదే పాటట. వచ్చే ఆదివారం సాయంత్రం, మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీలో ప్రోగ్రాం. నాలుగు గోడల మీదా, కప్పు మీదా సినిమాలా బొమ్మలు వేస్తారట. వినేవాళ్లు ఆ బొమ్మల నడుమ నిలబడాలట. మన చొక్కాల ఫ్యాక్టరీకి పేరొస్తుందని పై ఆఫీసు వాళ్లు సరేనన్నారు. పేరు ఎలా వస్తుందో లైన్లో ఎవరికీ అర్థం కాలేదు.

అమ్మాయి హెడ్‌ఫోన్లు తగిలించుకుని కళ్లు మూసుకుంది.

సరిగ్గా అప్పుడే అవతలి చివర తలుపు కదిలింది.

పొడుగక్కకు ఆ పేరు ఊరికే రాలేదు. లైన్లో అందరూ మిషన్ల మీదికి వంగితే ఆమె తల ఒక్కటే పైకి తేలి ఉంటుంది. తలుపు తెరుచుకుంటే ముందు తెలిసేది ఆమెకే. అందుకని కాపలా పని కూడా ఆమెదే అయింది. సూపర్‌వైజరు రబ్బరు అడుగుల బూట్లేసుకుని అలికిడి లేకుండా వచ్చి వీపు వెనక నిలబడతాడు కనక పిల్లి సారయ్యాడు. పిల్లి సారు కనపడగానే పొడుగక్క కత్తెర ముక్కుతో బల్ల అంచు మీద రెండు దెబ్బలు కొడుతుంది. ఆగి, ఇంకొకటి. ఆ రొదలో చెవికేమీ వినపడదు. కానీ బల్లలన్నీ ఒకదానికొకటి బోల్టులతో బిగించి ఉంటాయి. బల్ల మీద మణికట్టు ఆనించి కుట్టేవాళ్లకు ఆ దెబ్బ ఎముకలోకి వచ్చేస్తుంది.

టక్ టక్. టక్.

లైను మొత్తం ఒక్క వెన్నెముకలా నిటారయింది. గుండీలక్క ఫోను ఒళ్లోంచి డ్రాయరులోకి జారింది. ఎవరో నవ్వు మింగేశారు. పొడుగక్క తన కాలర్ల కింద దాచి కుడుతున్న కఫ్‌ల కట్టను మోకాలితో పక్కకు నెట్టింది. ఎడమవైపు కూర్చున్న పిన్ని ఆ కట్టను అందుకుని తన మిషన్ మీద పెట్టుకుంది.

పిన్ని అంటే వరసకు కలుపుకున్న పిన్ని కాదు, అమ్మకు సొంత చెల్లెలు. పొడుగక్కకు సూదిలో దారం ఎక్కించడం నేర్పింది ఆవిడే. ఈ చలికాలం నుంచి పిన్ని కుడిచెయ్యి ఒకటే వణుకు. తిన్నటి కుట్టు పర్వాలేదు, కఫ్ మూల దగ్గర బట్ట తిప్పాల్సి వచ్చేసరికి సూది గాల్లో పడుతోంది. అందుకని మూలలన్నీ పొడుగక్క కుడుతుంది. పిన్ని కుట్టినట్టు కనపడుతుంది. పోయిన ఏడాది చూపు మందగించిందని తనే చెప్పుకున్న కళ్లద్దాలావిడను పై ఆఫీసుకు పిలిచి, మధ్యాహ్నానికల్లా ఆవిడ కుర్చీలో వేరే మనిషిని కూర్చోబెట్టారు. ఆ మధ్యాహ్నాన్ని లైన్లో ఎవరూ మర్చిపోలేదు.

పిల్లి సారు వచ్చాడు. కట్టలు చూశాడు. మైకులమ్మాయి వైపు వంగి, “ఏమైనా దొరికిందా అమ్మా, సంగీతం?” అన్నాడు.

అమ్మాయి కళ్లు తెరిచింది. ఆమె చూపు పిల్లి సారు మీద కాదు, పొడుగక్క కత్తెర మీద నిలిచింది. ముఖమంతా విచ్చుకుంది.

“దొరికింది సార్,” అంది.

ఇంటికొచ్చినా ఆ నవ్వు పొడుగక్కను వదల్లేదు. పొయ్యి మీద నీళ్లు మరిగి సగమయ్యాక గుర్తొచ్చాయి. ఉతికిన బట్టలు మడత పెట్టినవే విప్పి మళ్లీ మడత పెట్టింది. కిటికీ దగ్గరికి పోయింది, ఎందుకు పోయిందో తెలియక తిరిగొచ్చింది.

“ఏంటే, కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నావు?” అన్నాడు భర్త. అతను లిఫ్టులు బాగుచేస్తాడు. రోజంతా పైకీ కిందికీ తిరిగొచ్చినవాడికి ఇంట్లో ఎవరూ అడ్డంగా తిరగకూడదు.

“పిల్లి పేరెత్తకు.”

“సరే. తోక తొక్కిన పాములా.”

“ఇనుములో పారే చప్పుడు మాత్రమే వినే మైకు ఉంటుందా?”

“ఎందుకుండదు? మేం మోటారుకి స్క్రూడ్రైవర్ ఆనించి, పిడి చెవిలో పెట్టుకుంటాం. ఊరంతా గోల చేస్తున్నా లోపలి బేరింగు ఏడుపు ఒక్కటే వినపడుతుంది. బయటి గోల లోపలికి రాదు.”

పొడుగక్క చేతిలో చొక్కా జారిపోయింది. అంటే ఆ అమ్మాయి హెడ్‌ఫోన్లలో మిషన్ల హోరు మసకబారి పోయిందన్నమాట. మిగిలింది మూడు దెబ్బలు. శుభ్రంగా, కడిగిన గ్లాసుల్లా మూడు దెబ్బలు.

శుక్రవారం నాడు టిక్కెట్లు పంచారు. లైనుకంతటికీ ఉచితం. మైకులమ్మాయి పట్టుబట్టిందట, ఎవరి చప్పుడో వాళ్లు వినాలని. గుండీలక్క టిక్కెట్టును విసనకర్రలా ఊపుకుంది.

“మన మిషన్ల మోత వినడానికి ఆదివారం కూడా పోవాలా? చెవులకి సెలవు లేదా తల్లీ?”

“బొమ్మలేస్తారటగా.”

“బొమ్మల్లో నేను కనపడితే చెప్పండే, కాస్త పౌడరేసుకుని వస్తా.”

పిల్లి సారు కూడా టిక్కెట్టు జేబులో పెట్టుకుంటూ, “మా ఆవిడని తీసుకొస్తున్నా. ఎప్పుడూ ఎక్కడికీ తీసుకెళ్లవని దెప్పుతుంది,” అన్నాడు. మామూలుగానే అన్నాడు. పొడుగక్క వేలి పక్కనే సూది దిగింది. ఇంకో వెంట్రుక దూరం ఇటు ఉంటే గోరులో దిగేది.

శనివారం సగం పూటే పని. మిషన్ మీద గుడ్డ కప్పీ కప్పక ముందే ఆమె ఐసు ఫ్యాక్టరీ దారి పట్టింది.

లోపల ఇంకా చలిగానే ఉన్నట్టుంది. ఒకప్పుడు ఐసు దిమ్మలు నిలబెట్టిన పెద్ద గది గోడలన్నిటికీ తెల్లటి గుడ్డ బిగిస్తున్నారు. నిచ్చెనల మీద మనుషులు. నేలంతా వైర్లు. నడుమ ఒక బల్ల, దాని మీద మీటలూ లైట్లూ. మైకులమ్మాయి కింద కూర్చుని ఏదో కొరుక్కు తింటోంది. ఈమెను చూడగానే ఎగిరి లేచింది.

“అక్కా! వచ్చారా? రండి రండి, మీకే ముందు వినిపిస్తా.”

పొడుగక్క చెవులకు హెడ్‌ఫోన్లు తగిలాయి. మొదట ఏమీ లేదు. తర్వాత దూరంగా వానలాంటిదేదో. అది మిషన్లేనని అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. ఆ వానలోంచి, ఇంట్లో ఎవరో తలుపు కొట్టినంత దగ్గరగా:

టక్ టక్. టక్.

ఆమె హెడ్‌ఫోన్లు లాగేసింది.

“ఇది తీసెయ్యమ్మా.”

“ఏది?”

“ఆ టక్ టక్. అది తీసేసి మిగతాది పెట్టుకో.”

మైకులమ్మాయి ముఖం చిన్నబోయింది. “అక్కా, మొత్తానికి ప్రాణం అదే. మిగతావన్నీ మిషన్లే. అదొక్కటే మనిషి. ఇంతకీ ఏంటది? దేనికి కొట్టారు?”

 ఏం చెప్పాలి? నిజం చెబితే ఈ పిల్ల కళ్లు ఇంకా మెరుస్తాయి. ఎవరితోనైనా ఆనందంగా చెప్పేసుకుంటుంది. రేపు ప్రోగ్రాంకి ముందు మైకులోనే చెప్పినా చెబుతుంది. ఆ పిల్లలో చెడ్డతనం లేదు, పొడుగక్క భయమంతా అందుకే.

“ఏదో దురలవాటు,” అంది. “చేతిలో ఏదుంటే దాంతో కొడుతుంటా. నలుగురిలో వినపడితే సిగ్గుగా ఉంటుంది. నవ్వుతారు.”

“దురలవాటా! ఎంత అందంగా ఉందో తెలుసా?”

“అందంగా ఉంటే నువ్వు వేరేది కొట్టుకో. నీ చేతులకేం?”

అమ్మాయి కాసేపు పెదవి కొరుక్కుంది. ఇంతలో నిచ్చెన మీంచి ఎవరో ఆమెను కేకేశారు. “సరే అక్కా, మార్చేస్తాను. అది మీదని ఎవరూ గుర్తుపట్టరు. నా మీద వదిలెయ్యండి. సరేనా? రేపు తప్పకుండా రండి. రాకపోతే ఊరుకోను.”

మార్చేస్తానంది కదా. పొడుగక్క ఆ ఒక్క మాటను దారి పొడుగునా నోట్లో చప్పరించుకుంటూ ఇల్లు చేరింది.

ఆదివారం సాయంత్రం ఐసు ఫ్యాక్టరీ ముందు కుర్రకారు గుమిగూడి ఉంది. చెవులకు, ముక్కులకు రింగులు, మోకాళ్ల దగ్గర చిరుగులు. గుండీలక్క ఆ చిరుగుల వంక వృత్తిరీత్యా చూసి, “రెండు కుట్లేస్తే పోయేదానికి,” అని నొచ్చుకుంది.

లోపల కుర్చీలు లేవు. లైను ఆడవాళ్లంతా అలవాటు కొద్దీ ఒక వరసలోనే నిలబడ్డారు, మిషన్ల దగ్గర ఎవరి పక్కన ఎవరుంటారో అదే వరస. పొడుగక్క ఎడమవైపు పిన్ని. కాస్త వెనగ్గా, ఎడంగా, పిల్లి సారూ ఆయన భార్యా. ఆవిడ గుండ్రటి మనిషి. వచ్చిన దగ్గర్నుంచీ కప్పు వంకే చూస్తోంది.

దీపాలు ఆరాయి.

ముందు ఒక దారం కనపడింది. ఎర్రటి ఒంటిపోగు, కుడిగోడ మీద పుట్టి, మూల తిరిగి, ఎదురుగోడ మీద పాకి, వీళ్ల వెనక్కి పోయి కప్పు మీదికెక్కింది. దారం పోతున్న వైపే చప్పుడూ పోతోంది. తర్వాత రెండో పోగు, పదో పోగు, లెక్కకందనన్ని. గోడలు పోయాయి. మనుషులంతా ఎవరో నేస్తున్న బట్ట లోపల ఇరుక్కున్నట్టయింది. టెలిఫోను స్తంభమంత సూది కప్పులోంచి దిగింది. అది దిగినప్పుడల్లా నేల అదిరింది, అరికాళ్లలోంచి మోకాళ్ల దాకా. పిన్ని పొడుగక్క జబ్బ పట్టుకుంది.

“పడుతుందేమోనే!”

“బొమ్మ పిన్నీ.”

“బొమ్మని నాకూ తెలుసులే,” అంది పిన్ని, పట్టు వదలకుండా.

బాగుంది. పొడుగక్క ఒప్పుకోక తప్పలేదు. పొద్దంతా చెవిలో దూరి విసిగించే రొదే ఇక్కడ సముద్రంలా లేస్తోంది, విరుగుతోంది. ఏ కెరటం కాలర్ల మిషన్‌దో, ఏది గుండీల మిషన్‌దో ఆమె చెప్పగలదు. మీటల బల్ల దగ్గర మైకులమ్మాయి నీడ ముందుకూ వెనక్కూ ఊగుతోంది. ఆ మూడు దెబ్బలు ఎక్కడా లేవు. పొడుగక్క ఇన్ని రోజుల తర్వాత నిండా ఊపిరి తీసుకుంది.

ఉన్నట్టుండి చప్పుడంతా తెగిపోయింది. దారాలు మాయమయ్యాయి. చీకటి.

ధన్ ధన్. ధన్.

దెబ్బ దెబ్బకూ గోడలు నాలుగూ, కప్పూ తెల్లగా వెలిగి ఆరాయి. మైకులమ్మాయి మాట నిలబెట్టుకుంది. మార్చేసింది. గోరంత చప్పుడును కొండంత చేసింది. కత్తెర ముక్కు కాదది, ఎవరో కోట తలుపు బాదుతున్నట్టుంది. కత్తెరని ఎవరూ గుర్తుపట్టరు.

కానీ నడుములు గుర్తుపట్టాయి.

ఆ తెల్లటి వెలుగులో పొడుగక్క తన లైనును చూసింది. అందరూ నిటారయ్యారు. తలలు వంగాయి, చేతులు నడుము ఎత్తుకు వచ్చి, లేని మిషన్ మీద ఆనాయి. గుండీలక్క నములుతున్న గమ్ము గుటుక్కున మింగింది. పిన్ని జబ్బ వదిలేసి కుడిచేతిని ఎడమచేతి కింద దూర్చేసుకుంది. పొడుగక్క మెడ ఆమెకు తెలియకుండానే తలుపు వైపు తిరిగి ఉంది. ఆ తలుపు వైపే పిల్లి సారు ఉన్నాడు.

ఆయన చూడలేదు. కప్పు వంకే చూస్తున్నాడు. బతికిపోయాం అనుకుంది.

అప్పుడే ఆయన భార్య మెచ్చుకోలుగా అంది, “మీ ఆడవాళ్లకి ఎంత క్రమశిక్షణండీ! చూడండి, అందరూ ఒక్కసారే ఎలా బిగుసుకున్నారో. స్కూలు పిల్లల్లాగా.”

పిల్లి సారు తల దించాడు.

ధన్ ధన్. ధన్. ఈసారి ఆయన గోడల్ని చూడలేదు. లైనునే చూశాడు, ఆ చివర్నుంచి ఈ చివరికి. ముందు వింతగా, తర్వాత నిదానంగా, కట్టలో కుట్టు తప్పిన చొక్కా కోసం వెతికేటప్పుడు చూసే చూపు. మళ్లీ దెబ్బలు. మళ్లీ మళ్లీ. ఎంత బిగబట్టుకున్నా పొడుగక్క భుజాలు ప్రతిసారీ ఉలిక్కిపడుతూనే ఉన్నాయి. చుట్టూ కుర్రకారు మాత్రం ఆ దెబ్బ కోసమే కాచుకుని, పడగానే కేక పెట్టి ఎగురుతున్నారు. చేతులు పైకెత్తి, జుట్టు విరబోసుకుని, అపరిచితుల భుజాల మీద చేతులేసుకుని ఎగురుతున్నారు. వందల మంది ఎగురుతున్న ఆ గదిలో కదలకుండా నిలబడ్డది ఒక్క వరసే.

పిల్లి సారు తల తాళానికి తగ్గట్టు ఊగడం మొదలుపెట్టింది.

దీపాలు వెలిగాక మైకులమ్మాయి చెమటలు కక్కుతూ పరుగెత్తుకొచ్చి పొడుగక్కను కావలించుకుంది. “ఎలా ఉందక్కా? గుర్తుపట్టలేదు కదా ఎవరూ?”

“లేదమ్మా. బాగుంది. చాలా బాగుంది,” అంది పొడుగక్క. అబద్ధం కాకపోవడమే ఆమెకు విచిత్రంగా తోచింది.

గుమ్మం దగ్గర పిల్లి సారు ఎదురయ్యాడు. “భలే ఉంది కదూ,” అన్నాడు. “ముఖ్యంగా ఆ చివర్లో వచ్చే ముక్క. ఎక్కడో విన్నట్టే ఉంది నాకు.” సమాధానానికి ఆగకుండా భార్య వెంట వెళ్లిపోయాడు.

వీధిలో ఆడవాళ్లంతా పొడుగక్క చుట్టూ మూగారు. “తెలిసిపోయిందంటావా?” “ఏం తెలుస్తుంది, పాటేగా?” “ఇకనుంచి తుమ్ముదామే. తుమ్మొస్తే ఎవడాపగలడు?” అంది గుండీలక్క. ఈసారి ఆవిడ కూడా నవ్వలేదు.

 సందు మలుపు దాకా పిన్నీ పొడుగక్కా కలిసే నడిచారు. పొడుగక్క ఆగకుండా చెబుతూనే ఉంది: రేపు కఫ్‌లు పంచుకోవద్దు, ఒక్క వారం ఓపిక పట్టు, మూలలు నేను ఇంటికి తీసుకెళ్లి కుడతా, కాదు, బాత్రూం దగ్గర మార్చుకుందాం. పిన్ని మలుపు దగ్గర “ఊ” అని తన దారిన తాను పోయింది. ఆ “ఊ” దేనికో పొడుగక్కకు అంతుపట్టలేదు.

ఆ రాత్రి భర్త గురక పెట్టాడు. ఆమె ఆ గురకలో కూడా రెండు దెబ్బలు, ఆగి ఒకటి విని లేచి కూర్చుంది.

సోమవారం ఉదయం మిషన్లన్నీ ఒకేసారి గుర్రుమన్నాయి. పొడుగక్క కత్తెరను డ్రాయరులో అడుగున పెట్టేసింది. ఇవాళ కొట్టేది లేదు. కఫ్‌లూ లేవు అని ముందే అనుకుంది. కానీ పిన్ని మొదటి మూల తిప్పబోయి, సూది గాల్లో పడి, మళ్లీ తిప్పబోయి, బట్ట ముడతపడి... చూస్తూ కూర్చోలేకపోయింది. చెయ్యి చాచి కట్ట లాక్కుంది.

తలుపు తెరుచుకుంది.

పిల్లి సారు ఈసారి మెల్లగా రాలేదు. లైను మొదట్లో ఆగి, ఆ రోజు మైకులమ్మాయి చూపు దేని మీద నిలిచిందో గుర్తున్నట్టు, మొదటి బల్ల మీదున్న కత్తెర అందుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. ముక్కు కిందికి పెట్టి, బల్ల అంచు మీద కొట్టాడు.

టక్ టక్. టక్.

వస్తున్నాడని అందరికీ తెలుసు. కళ్లెదుటే ఉన్నాడు. అయినా నడుములు నిటారయ్యాయి. డ్రాయర్లు మూసుకున్నాయి. పొడుగక్క మోకాలు, ఆమెను అడక్కుండానే, కఫ్‌ల కట్టను పక్కకు నెట్టేసింది. కట్ట పిన్ని చేతికి అందలేదు. నేల మీద పడింది.

పిల్లి సారు నడిచి వచ్చి, వంగి, కట్ట తీశాడు.

“కాలర్ల మిషన్ దగ్గర కఫ్‌లకేం పని?”

“కలిసిపోయాయి సార్,” అంది పొడుగక్క. “పొద్దున కట్టలు పంచేటప్పుడు...”

“అబద్ధం చెప్పకే,” అంది పిన్ని.

పిన్ని లేచి నిలబడింది. మిషన్ ఆపి, సూది పైకెత్తి, బట్ట తీసి పక్కన పెట్టి, రోజు పని అయిపోయినప్పుడు ఎలా లేస్తుందో అలా లేచింది. కుడిచెయ్యి చాచింది. చూపుడువేలు గాలికి ఊగే ఆకులా ఆడుతోంది.

“అవి నావి సార్. మూలలు నేను కుట్టలేకపోతున్నా. చలికాలం నుంచీ ఇది కుడుతోంది నా బదులు. ఆ టక్ టక్ నా కోసమే.”

 చుట్టుపక్కల మిషన్లు ఒకటొకటే ఆగిపోయాయి. చివరిది గుండీలక్కది. ఆ హాల్లో పంఖాల చప్పుడు ఉంటుందని అందరికీ అప్పుడే తెలిసింది.

పిల్లి సారు ఆ చేతిని చూసి, పక్కకు చూశాడు. “నాకు చెప్పొచ్చు కదమ్మా.”

“చెబితే ఏమయ్యేదో మీకూ తెలుసు, నాకూ తెలుసు. కళ్లద్దాలావిడ చెప్పింది కదా.”

ఆయన కఫ్‌ల కట్టను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

“చెకింగ్ బల్ల మీద మనిషి తక్కువున్నారు,” అంది పిన్ని. “నా చెయ్యే వణుకుతోంది, కన్ను కాదు. కుట్టు తప్పితే పట్టుకుంటా. అక్కడ కూర్చోపెట్టండి.”

“అది నా చేతుల్లో లేదు.”

“మరి ఎవరి చేతుల్లో ఉందో వాళ్లనడిగి రండి. నేనెక్కడికీ పోను. ఇక్కడే ఉంటా.”

లైను మొత్తం ఆయన వంకే చూస్తోంది. అన్ని కళ్లు ఒకేసారి ఆయన ఎప్పుడూ చూసి ఉండడు. ఆయనకు ఎప్పుడూ కనపడేవి వంచిన తలలే. “మిషన్లాపారేంటి, కానివ్వండి,” అన్నాడు. ఎవరూ కానివ్వలేదు. కట్టను అక్కడే పెట్టి, మెట్ల వైపు నడిచాడు.

తలుపు మూసుకోగానే పొడుగక్క పిన్ని మీద విరుచుకుపడింది. “ఎందుకు చెప్పావు? చేజేతులా పోగొట్టుకుంటావా? నేను చూసుకుంటున్నా కదా! ఇన్నాళ్లూ చూసుకోలేదూ?”

“చూసుకున్నావే,” అంది పిన్ని. “నీ మెడ ఎప్పుడు తిరుగుతుందా, నీ కత్తెర ఎప్పుడు మోగుతుందా అని పొద్దస్తమానం కాచుక్కూర్చోడం, కుట్టడం కంటే కష్టంగా ఉందే నాకు. నిన్న ఆ గోడల మధ్య, ఆదివారం నాడు, ఎవరూ అడక్కుండానే నా చెయ్యి నేను దాచుకున్నా. పక్కనే ఎవరి పిల్లో ఆ దెబ్బకే గంతులేస్తోంది. నాకు సిగ్గేసింది.”

 ఇన్నాళ్లూ తాను పిన్నిని కాపాడుతున్నాననుకుంది పొడుగక్క. పిన్నిని అడగాలని ఒక్కసారీ తోచలేదు.

“పోనీలే,” అంది పిన్ని, మెత్తగా. “నువ్వు లేకపోతే చలికాలంలోనే వెళ్లిపోయేదాన్ని. ఇప్పుడు పక్కకు జరుగు.”

ఆవిడ తన సీసా, కళ్లజోడు పెట్టె తీసుకుని చెకింగ్ బల్ల దగ్గరికి నడిచింది. ఎవరూ చెప్పకుండానే ముక్కాలిపీట లాక్కుని, దీపం వంచుకుని, మొదటి చొక్కా పరిచింది.

“పై నుంచి ఏమంటారో వినకముందే?” అంది గుండీలక్క.

“వినేదాకా చేతులు కట్టుకు కూర్చోనా? మీరు కుట్టండే, నాకు చూడటానికి చొక్కాలు కావద్దూ?”

గుండీలక్క మిషన్ మొదలైంది. తర్వాత అటుది, ఇటుది. పొడుగక్క కఫ్‌ల కట్టను ఎత్తి, కాలర్ల కింద కాదు, కాలర్ల పక్కన, బల్ల మీద అందరికీ కనపడేలా పెట్టింది. మూలలు కుట్టడం మొదలుపెట్టింది. చేతులు పని చేస్తున్నాయి గానీ లోపలేదో అటూ ఇటూ కొట్టుకుంటూనే ఉంది. పై ఆఫీసులో ఏం మాట్లాడుకుంటున్నారు? ఎందుకింతసేపు? కుర్చీలో కూర్చోబెట్టడానికి కొత్త మనిషికి ఫోను చేస్తున్నారా?

చాలాసేపటికి తలుపు కదిలింది.

ఆమె కంటి కొసకు అది అందింది. కుడిచెయ్యి అలవాటుగా డ్రాయరు వైపు పోయింది, పిడి మీద ఆగింది. అక్కణ్ణుంచి వెనక్కొచ్చి కఫ్ మూల పట్టుకుంది. ఆమె తల దించింది. మూల దగ్గర సూది దింపి, మిషన్ పాదం ఎత్తి, బట్ట తిప్పి, పాదం దించింది. తిన్నగా పోతోంది కుట్టు.

పిల్లి సారు లైను మొదట్లోకి వచ్చాడు. ఎవరూ నిటారవలేదు. గుండీలక్క ఫోను బల్ల మీదే వెల్లకిలా పడి ఉంది, తియ్యలేదు. ఆయన ఒక్కో మిషన్ దాటుకుంటూ వచ్చాడు. ఒక్కరూ తల ఎత్తలేదు. చెకింగ్ బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు. పిన్ని చొక్కా వెనక్కి తిప్పి పక్క కుట్టు చూసుకుంటోంది.

ఆయన దగ్గాడు.

“అమ్మా.”

పిన్ని కళ్లజోడు మీంచి చూసింది.

“గ్రేడు ఒకటి తగ్గుతుందన్నారు. ఒక నెల చూస్తారట. అదీ... నేను గట్టిగా అడిగితే.” ఆయన మెట్ల వైపు ఓసారి చూశాడు. “సరేనా?”

 పిన్ని చేతిలో చొక్కా పూర్తిగా చూసి, మడిచి, పక్కన పెట్టింది.

“తగ్గనివ్వండి. ఆ చొక్కాల కట్ట ఇలా అందించండి సార్, నాకు అందడం లేదు.”

ఆయన అందించాడు. పిన్ని ఇంకో తెల్ల చొక్కా దీపం కింద పరిచి దాని మీద కుడిచెయ్యి ఆనించింది. ఆ వెలుగులో, ఆ తెలుపు మీద, చెయ్యి వణకడం హాలు చివరి నుంచైనా కనపడుతుంది. పొడుగక్క మాత్రం చూడలేదు. ఆమె తన కఫ్ మూల దగ్గరుంది.